పోర్టో భోజనాలు, మా ఓనరమ్మ తీర్పులు

పోర్చుగల్‌లోని పోర్టోలో ఎక్కడ తినాలని ఎవరైనా అడిగితే నేను ముందు ఆ ఊళ్ళో హోటళ్ళ పేర్లు చెప్పను. బొగ్గుల మీద కాల్చిన చేపలకి మతోజీన్యుష్ పొమ్మంటాను. పేరుకి వేరే మునిసిపాలిటీయే గానీ పోర్టోని ఆనుకునే ఉంటుంది, రెండింటి మధ్యా ఖాళీ జాగా కనపడదు. త్రిందాద్ స్టేషన్లో నీలం లైను మెట్రో ఎక్కితే అరగంటలో దింపేస్తుంది. 2002 డిసెంబరులో మొదలైన ఆ లైనే పోర్టోకి మొట్టమొదటి మెట్రో. మార్కెట్టు దగ్గర దిగాక దారి అడిగే పని లేదు, ముక్కే చెబుతుంది. రేవు వైపు నాలుగడుగులు వేస్తే రువా హెరోయిష్ ద ఫ్రాన్సా అనే వీధి. ఆ వీధి పొడుగునా హోటళ్ళు, ప్రతి హోటలు ముందూ ఫుట్‌పాత్ మీదే బొగ్గుల పొయ్యి, పొయ్యి వెనక చెమటలు కక్కుతూ ఒక మనిషి. లోపల వంటగదులు ఉండేమో గానీ అసలు వంటంతా రోడ్డు మీదే. చొక్కాకి పట్టిన పొగ వాసన ఇంటికొచ్చి ఉతికినా ఒక పట్టాన వదలదు.

2015 ప్రాంతంలో నేనక్కడ ఇంజనీరింగ్ ఫ్యాకల్టీలో, అంటే మన లెక్కన కాలేజీలో, రీసెర్చ్ చేసుకుంటూ ఉండేవాణ్ణి. బొంఫిమ్ అనే పాతపేటలో ఒక ఇంటి మేడ మీద గది. కింద వాటాలో ఓనరమ్మ, డెబ్భై దాటిన మనిషి, భర్త పోయాడు, పిల్లలు ఫ్రాన్సులో. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. నా పోర్చుగీసు అంతంత మాత్రం. అయినా తిండి సంగతి వచ్చేసరికి మా ఇద్దరికీ భాష ఎప్పుడూ అడ్డం రాలేదు. పోర్టోలో నాకు తెలిసిన తిండి శాస్త్రమంతా ఆవిడ చలవే. ఇంటర్నెట్లో చుక్కలు చూసి హోటలుకి వెళ్ళేవాళ్ళంటే ఆవిడకి జాలి. "బొమ్మలున్న మెనూ కార్డు బయట పెట్టిన చోట అడుగు పెట్టకు, గుమ్మంలో నిలబడి రమ్మని పిలిచే చోట అసలే పెట్టకు" అనేది. ఆ లెక్కన నది ఒడ్డున రిబైరా మొత్తం కొట్టుకుపోయింది. 1996లో యునెస్కో గుర్తింపు వచ్చిన పాత బస్తీ అది. రంగురంగుల ఇళ్ళు, ఎదురుగా ఇనుప వంతెన, కింద దోరు నది, చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. చూసి వచ్చెయ్, తినకు అనేది ఆవిడ తీర్పు. కాస్త కఠినమే గానీ నేను మాత్రం పాటించాను.

మతోజీన్యుష్‌కి నన్ను మొదట పంపింది ఆవిడే. సోమవారం మాత్రం వెళ్ళకు అంది. ఆదివారం పడవలు కడలిలోకి పోవు కాబట్టి సోమవారం దొరికేది నిన్నటిదో మొన్నటిదో అని. అక్కడ కూర్చోగానే సర్వరు చేపల పళ్ళెం తెచ్చి చూపిస్తాడు, లేదా మనల్నే ఐసు పెట్టె దగ్గరకి రమ్మంటాడు. రొబాలో, దొరాదా, సార్డీన్లు, కరపావ్‌లు, స్క్విడ్. కళ్ళు మెరుస్తున్నాయా, మొప్పలు ఎర్రగా ఉన్నాయా అని మొహమాటం లేకుండా చూసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. పెద్ద చేపలకి ధర కిలో లెక్క. అందుకే పొయ్యి మీదకి వెళ్ళకముందే తూయించి ఎంతవుతుందో అడగడం అక్కడ మర్యాద తక్కువేం కాదు. చేపకి రాళ్ళుప్పు చల్లి బొగ్గుల మీద వేస్తారు. అంతే. అల్లం లేదు, వెల్లుల్లి లేదు, కారం లేదు, పసుపు లేదు. తిప్పేటప్పుడు తోలు అంటుకోకుండా ఇనుప జాలీల మధ్య బిగిస్తారు. పళ్ళెంలో చేప పక్కన ఉడికించిన బంగాళాదుంపలు, ఉల్లిపాయా టమాటా ముక్కలు. బల్ల మీద ఆలివ్ నూనె సీసా.

మాది భీమిలి. కవళ్ళ పులుసు, కానగంతల ఇగురు తిని పెరిగిన నోరు. ఉప్పు తప్ప ఏమీ లేని చేపని చూసి మొదట్లో ఉసూరుమన్నాను. పిరిపిరి అడిగితే సర్వరు చిన్న సీసా తెచ్చి పెట్టాడు, నూనెలో నానిన మిరపకాయలు. మనకి మిరపకాయ చూపించిన వాళ్ళు పోర్చుగీసులే కదా. పదహారో శతాబ్దంలో అమెరికా ఖండం నుంచి తెచ్చి గోవాలో దించారు, అక్కణ్ణించి అది గుంటూరు దాకా వచ్చి స్థిరపడింది. తెచ్చినవాళ్ళు మాత్రం దాన్ని సీసాలో పెట్టుకుని బొట్టు బొట్టుగా వాడుకుంటున్నారు. ఆ సీసా సగం ఖాళీ చేశాను. పోనుపోను సీసా మీదకి చెయ్యి వెళ్ళడం తగ్గింది. ఒకరోజు అడగడమే మానేశాను. పొద్దున పట్టిన చేపకి ఓ రుచి ఉంటుంది, అది మసాలాలో కనపడకుండా పోతుందని భీమిలిలో పుట్టిన నేను పోర్టో వెళ్ళి తెలుసుకున్నాను. మా అమ్మకి ఫోన్లో చెబితే, "మరి ఇక్కడ పులుసెందుకు తిన్నావురా ఇన్నాళ్ళూ" అంది. నా దగ్గర జవాబు లేదు. పులుసు పులుసే.

సార్డీన్లని చాకూ ఫోర్కుతో తినడం ఓనరమ్మ దృష్టిలో నేరం. ఆవిడ పద్ధతి ఇది. లావుపాటి రొట్టె ముక్క ఒకటి ముందు పెట్టుకుంటుంది. దాని మీద కాల్చిన సార్డీన్‌ని పడుకోబెట్టి, బొటనవేలితో వెన్ను పొడుగునా ఒక్క గీత లాగుతుంది. నల్లబడ్డ తోలు చొక్కాలా ఊడొస్తుంది. పైకండ వేళ్ళతో తీసి తిన్నాక, తోక పట్టుకుని ముల్లు లేపితే తలతో సహా మొత్తం ఒక్కటే దండలా వచ్చేస్తుంది. మిగిలిన కండ తింటుంది. ఈలోగా కొవ్వంతా రొట్టెలోకి కారుతూ ఉంటుంది. ఒక్కో చేపా అయ్యేకొద్దీ కింద రొట్టె తడిసి, ఉప్పెక్కి, పొగ వాసన పట్టి ఉంటుంది. ఆ రొట్టెని అందరికన్నా ఆఖరున, ఎవరికీ పెట్టకుండా తినేది. జూన్ నాటికి సార్డీన్ రొట్టె మీద కారుతుందని అక్కడో సామెత ఉంది. చలికాలంలో చేప బక్కగా ఉంటుంది, కొవ్వు పట్టేది ఎండాకాలానికి. అందుకే జనవరిలో తాజా సార్డీన్ అడిగితే మంచి హోటలువాడు లేదంటాడు. ఉందన్నవాడి దగ్గర ఫ్రిజ్జులోది ఉన్నట్టు.

ఆ జూన్ మాట వచ్చింది కాబట్టి సావ్ జువావ్ పండుగ. జూన్ 23 రాత్రి పోర్టోలో ఎవరూ నిద్రపోరు. వీధి వీధినా ఇంటి ముందే పొయ్యిలు, సార్డీన్లు, కాల్చిన పచ్చి క్యాప్సికమ్‌లు, కాల్దు వెర్ద్ సూపు. చేతుల్లో కీచుమని అరిచే ప్లాస్టిక్ సుత్తులు, ఎదురైన ప్రతివాడి నెత్తి మీదా ఒక దెబ్బ. ముసలాళ్ళు పాతకాలం పద్ధతిలో పొడుగాటి వెల్లుల్లి పువ్వు కాడలతో మొహం మీద తడతారు. ఆకాశంలో కాగితం లాంతర్లు, అర్ధరాత్రి నది మీద బాణసంచా. ఫోంతైన్యాష్ గుట్ట మీద మా ఓనరమ్మ చుట్టాలింటి ముందు కూర్చుని తిన్నాను. ఎన్ని తిన్నానో లెక్క ముళ్ళ గుట్టకే తెలియాలి. మా వరంగల్ తమ్ముడు ఒకడు ఉండేవాడు, నాకన్నా మూణ్ణాలుగేళ్ళు చిన్న, అదే ఫ్యాకల్టీలో మాస్టర్స్ చేసేవాడు. వాడు సుత్తి దెబ్బలకి మొదట్లో కోపం తెచ్చుకుని, గంట తిరక్కుండానే రెండు చేతుల్లో రెండు సుత్తులతో తయారయ్యాడు. పొద్దున సూర్యుడొచ్చే దాకా నది వెంట ఫోజ్ బీచికి నడిచాం. అక్కడిదాకా నడవకపోతే పండుగ చేసుకున్నట్టు కాదట.

ఆ ఏళ్ళలో సార్డీన్ల ధర మీద పెద్ద చర్చే నడిచేది. సముద్రంలో వాటి సంఖ్య పడిపోయిందని పట్టే మోతాదుకి హద్దులు పెట్టారు, చలికాలం నెలల్లో వేట ఆపేవారు. 2017లో అయితే అంతర్జాతీయ సముద్ర పరిశోధన మండలి, వచ్చే ఏడాది అసలు పట్టకుండా ఉంటే మేలని సలహా ఇచ్చింది. ప్రభుత్వం పూర్తిగా ఆపలేదు గానీ కోత పెట్టింది. పండుగ వారంలో ఒక్కో చేప ధర చూసి ఓనరమ్మ మార్కెట్లో చేపలావిడతో పోట్లాడేది, ఆ తరవాత ఎలాగూ కొనేది.

మధ్యాహ్నం భోజనం వేరే కథ. ఫ్యాకల్టీ క్యాంటీన్లో మూడు యూరోల లోపే సూపు, కూర, అన్నం, పండు అన్నీ వచ్చేవి. కడుపు నిండేది, అంతకుమించి దాని గురించి చెప్పుకోవడానికేం లేదు. సెలవు దొరికినప్పుడు తాష్కాలకి పోయేవాళ్ళం. తాష్కా అంటే మన కాకా హోటల్లాంటిదే, కాకపోతే వైన్ కూడా పోస్తారు. నాలుగైదు బల్లలు, బల్ల మీద తెల్ల కాగితం పరిచి ఉంటుంది, గోడ మీద ఫుట్‌బాల్ క్లబ్బు కండువా, మూల టీవీ. మెనూ చేత్తో రాసి తలుపుకి అంటిస్తారు. ఆ రోజు వండింది రెండో మూడో రకాలు. సూపు, కూర, తాగడానికేదైనా, కాఫీ అన్నీ కలిపి ఆరేడు యూరోలు, అప్పటి మాట. తిన్నాక సర్వరు జేబులోంచి పెన్ను తీసి ఆ కాగితం మీదే లెక్క రాసి కూడేస్తాడు. పన్నెండున్నరకి వెళ్తే తాపీ పనివాళ్ళు, బ్యాంకు గుమాస్తాలు, పోస్ట్‌మ్యాన్ అందరూ ఒకే బల్ల దగ్గర సర్దుకుని కూర్చుంటారు. రెండు దాటాక వెళ్తే మంచి కూర అయిపోయి ఉంటుంది.

మెయా దోజ్ అనే మాట ఒకటి నేర్చుకుంటే పోర్టోలో డబ్బు ఆదా. సగం వడ్డన అని పేరే గానీ ఒక మనిషికి సుబ్బరంగా సరిపోతుంది. పూర్తి వడ్డన తెప్పిస్తే ఇద్దరు తినొచ్చు. ఇంకోటి, కూర్చోగానే అడక్కుండానే రొట్టె, వెన్న, ఆలివ్ కాయలు, ఒక్కోసారి జున్ను ముక్క తెచ్చి ముందు పెడతారు. కువేర్ అంటారు దాన్ని. మర్యాద కోసం పెట్టారనుకుంటాం గానీ తింటే బిల్లులో పడుతుంది. వద్దనుకుంటే ముట్టుకోకుండా పక్కకి జరపొచ్చు. మనం అడగంది, మనం తినంది బిల్లులో వెయ్యకూడదని అక్కడ చట్టమే ఉంది. 2015 నాటి హోటళ్ళ నిబంధనల్లోనే రాశారు. ఒక పేరున్న చోట మా వాళ్ళు తినని జున్నుకి కూడా డబ్బు వేశారు. ఓనరమ్మ నేర్పిన వాక్యం ఒకటి అప్పజెప్పాను, కిమ్మనకుండా కొట్టేశాడు. ఆ వాక్యం ఇక్కడ రాయదగ్గది కాదు.

అన్నం విషయంలో పోర్చుగీసు వాళ్ళు మనకి చుట్టాలే. యూరప్‌లో తలసరిని చూస్తే బియ్యం ఎక్కువ తినేది వాళ్ళే. మోందేగు, సాదు నదుల పల్లపు పొలాల్లో వాళ్ళే పండించుకుంటారు. కాకపోతే పళ్ళెంలో అన్నమూ, వేయించిన బంగాళాదుంపలూ పక్కపక్కనే పెడతారు, అది చూస్తే మా పెద్దమ్మ ఏమంటుందో అనుకునేవాణ్ణి. జారుగా వండే అన్నాలు మాత్రం అద్భుతం. టమాటా అన్నం, చిక్కుడు గింజల అన్నం, మాంక్‌ఫిష్ అన్నం, రొయ్యలూ ఆల్చిప్పలూ వేసిన అన్నం. పొయ్యి మీద నుంచి గిన్నెతో సహా తెస్తారు, ఇంకా కుతకుతలాడుతూ ఉంటుంది. నేను మాత్రం ఆక్టోపస్‌కే ఓటేస్తాను. ఆక్టోపస్ కాళ్ళని మెత్తగా ఉడికించి, పిండిలోనూ గుడ్డులోనూ ముంచి వేయిస్తారు. ఉడికిన నీళ్ళు పారబొయ్యకుండా వాటితోనే అన్నం వండుతారు. గులాబీ ఎరుపు రంగులో, సముద్రపు వాసనతో, కాస్త కొత్తిమీర చల్లి వస్తుంది. కొత్తిమీర సంగతి చెప్పాలి. యూరప్‌లో ఇంకెక్కడికి వెళ్ళినా కట్ట కోసం ఆసియా షాపులు వెతుక్కున్నాను, పోర్చుగల్‌లో మాత్రం పార్స్లీ పక్కనే కొత్తిమీర, ఏ కూరగాయల కొట్లోనైనా.

ఆ ఊరివాళ్ళని మిగతా దేశం త్రిపైరూష్ అంటుంది, పేగులు తినేవాళ్ళని. ఎగతాళిగా అనేదే గానీ వీళ్ళు దాన్ని బిరుదులా పెట్టుకున్నారు. కథేమిటంటే, 1415లో ఉత్తర ఆఫ్రికా తీరంలోని సెవుతా మీద దండెత్తడానికి ఓడలు బయల్దేరినప్పుడు ఊళ్ళో ఉన్న మాంసమంతా సైన్యానికి ఇచ్చేసి, జనం పేగులూ పొట్టా ఉంచుకుని వండుకున్నారని. దండయాత్ర చరిత్రే, కూర సంగతి మాత్రం ఊళ్ళో చెప్పుకునే కథ. కూర మాత్రం నిజం. తెల్ల బీన్స్, దూడ పొట్ట, కాళ్ళు, సాసేజ్ ముక్కలు, క్యారెట్, పక్కన అన్నం. పెద్ద గిన్నెడు వండాలి కాబట్టి తాష్కాల్లో వారంలో ఒకటి రెండు రోజులే పెడతారు.

వరంగల్ తమ్ముణ్ణి ఆ రోజుల్లోనే ఒకనాడు తీసుకెళ్ళాను. వాడికి క్యాంటీన్ తిండితో విసుగెత్తి, నెలలుగా మొహం వేలాడేసుకుని ఉన్నాడు. సర్వరు మట్టి గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టి మూత తీశాడు. తమ్ముడు ఫోన్ చూసుకుంటున్నవాడు ఠక్కున తలెత్తాడు. ముక్కు ఎగబీల్చాడు. ఆ కూరలో జీలకర్ర పొడి పడుతుంది, అదీ పోర్టో పద్ధతి, బాగానే పడుతుంది. "అన్నా, గిది బోటి గదనే!" అన్నాడు. మేకది కాదురా, దూడది, ఆలోచించుకో అన్నాను. "ఏదైతేందే అన్నా, వాసన సూస్తున్నవా" అంటూ అప్పటికే అన్నం మీద వేసుకుంటున్నాడు. మెయా దోజ్ అయ్యాక ఇంకో మెయా దోజ్ చెప్పాడు. ముక్కలు నములుతూ, మా నాయనమ్మయితే ఇంకింత అల్లం వేసేది, బీన్స్ ఎందుకు కలిపిన్రో వీళ్ళు, అని వ్యాఖ్యానం. చివర్లో సర్వరు కాగితం మీద లెక్క రాస్తుంటే ఆ ముసలాయన చెయ్యి పట్టుకుని ఊపి మరీ కృతజ్ఞత చెప్పాడు. ఆయనకి సంగతి అర్థం కాకపోయినా కాఫీకి డబ్బు తీసుకోలేదు.

ఇక ఫ్రాన్సెజీన్యా. పోర్టో అనగానే ఇప్పుడు అందరూ చెప్పేది అదే. రొట్టె ముక్కల మధ్య మాంసం ముక్క, హ్యామ్, రెండు రకాల సాసేజ్‌లు, పైన జున్ను కప్పి కరిగించి, దాని మీద టమాటా బీరు కలిపిన వేడి వేడి సాస్ వరద పారిస్తారు. నెత్తిన కోడిగుడ్డు, చుట్టూ వేయించిన బంగాళాదుంపలు. 1950ల్లో రువా దో బొంజార్దిమ్‌లోని ఎ రెగలైరా అనే హోటల్లో దనియెల్ ద సిల్వా అనే ఆయన, ఫ్రాన్సులో పనిచేసి వచ్చి, అక్కడి జున్ను శాండ్‌విచ్‌ని చూసి తయారుచేశాడంటారు. రహస్యమంతా సాస్‌లో ఉంది, ఎవడి సాస్ వాడు చెప్పడు. రువా పసూష్ మనువేల్‌లో కఫే సంతియాగు ముందు ఎప్పుడు చూసినా క్యూ. నేనూ నిలబడ్డాను, తిన్నాను, బాగుంది. ఆ తరవాత రాత్రి దాకా ఇంకేమీ తినలేకపోయాను. ఓనరమ్మ మాత్రం అది తిండే కాదు పొమ్మనేది. కుర్రాళ్ళు తాగి అర్ధరాత్రి తినడానికి పుట్టిందని ఆవిడ అభిప్రాయం. ఊళ్ళో సగం మంది ఆవిడతో గొడవకి దిగుతారు.

అంత బరువు వద్దనుకున్నప్పుడు శాండ్‌విచ్‌లకి వేరే చోట్లున్నాయి. బతాల్యా దగ్గర సందులో గజేలా, సన్నటి కరకరలాడే రొట్టెలో సాసేజ్, జున్ను, కారపు నూనె రాసి పెనం మీద అదిమి, గుటకకి ఒకటి చొప్పున ముక్కలు కోసి ఇస్తారు. మన నోటికి కాస్తో కూస్తో కారం తగిలే చోట్లలో అదొకటి. కొంగాలో బిఫానా కూడా ఆ జాతే, పల్చటి పంది మాంసం ముక్కలు కారపు పులుసులో గంటలకొద్దీ ఉడుకుతూ ఉంటాయి. పొవైరూష్ చౌకులో కాజా గెదేష్‌లో పంది తొడ మాంసం, దాని మీద సెర్రా కొండల గొర్రె జున్ను. పంది తిననివాళ్ళకి ఈ పేరాలో ఏమీ లేదు.

శాకాహారుల సంగతి అడుగుతారు మనవాళ్ళు, న్యాయమే. మాతో ఒక నెల్లూరు అమ్మాయి ఉండేది, గుడ్డు కూడా ముట్టదు. కాల్దు వెర్ద్‌లో పచ్చటి ఆకుకూర సన్నగా దారాల్లా తరిగి, బంగాళాదుంప సూపులో వేస్తారు, ఆలివ్ నూనె చుక్కలు పైన. నూటికి నూరుపాళ్ళూ శాకాహారమనిపిస్తుంది, అడుగున సాసేజ్ ముక్క ఒకటి తేలే వరకు. ముందే వద్దని చెప్పాలి, అప్పుడు కూడా సూపు దేంతో కాచారో అడగాలి. అవింతెష్ ఊరి నల్లటి మొక్కజొన్న రొట్టె, జున్ను, ఆలివ్‌లు, పళ్ళు ఆవిడ భోజనం చాలాకాలం. తరవాత్తరవాత ఊళ్ళో శాకాహార హోటళ్ళు పెరిగాయి, కొలిజెయు థియేటర్ ఎదురుగా లాదు బి అనే చోట శాకాహార ఫ్రాన్సెజీన్యా కూడా పెట్టేవారు.

బకల్యావ్ గురించి నేను ఎక్కువ రాయను, రాస్తే ఆగదు. ఉప్పుచేప. ఎండి చెక్కలా ఉంటుంది, కొట్టువాడు రంపంతో కోసి ఇస్తాడు, రెండు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టాలి. చిత్రమేమిటంటే ఆ కాడ్ చేప పోర్చుగల్ సముద్రంలో దొరకదు, ఇప్పుడు నార్వే, ఐస్‌లాండ్ వైపు నుంచి వస్తుంది. పక్కన సముద్రం నిండా తాజా చేప పెట్టుకుని పరాయి దేశపు ఎండుచేపని క్రిస్మస్ రాత్రి భోజనంలో తినే జనం వాళ్ళు. పోర్టోలో తింటే గోమెష్ ద సా పేరు మీద ఉన్న కూర తినండి. ఆయన ఈ ఊరి బకల్యావ్ వ్యాపారే. ఉల్లిపాయ, బంగాళాదుంప, ఉడికిన గుడ్డు, నల్ల ఆలివ్‌లు, అంతా ఆలివ్ నూనెలో.

బొల్యావ్ మార్కెట్ నేను చూసినప్పుడు శిథిలంలా ఉండేది. 1914 నాటి కట్టడం, పడిపోకుండా ఇనుప గొట్టాల పరంజాలు కట్టి ఉండేవి, వాటి మధ్యనే చేపలావిడలు, పూలావిడలు, బతికున్న కోళ్ళు. లోపల రెండు మూడు చోట్ల బల్లలు వేసి సార్డీన్లు కాల్చి పెట్టేవారు. 2018లో మరమ్మతులకి మూశారు, 2022 సెప్టెంబరులో మళ్ళీ తెరిచారు. ఫొటోల్లో చూశాను, తళతళలాడుతోంది. అమ్మేవాళ్ళలో పాతవాళ్ళు కొందరు మళ్ళీ వచ్చారు. వైన్ గ్లాసు పట్టుకుని తిరిగే టూరిస్టులు ఇప్పుడు ఎక్కువట. బాగుపడిందని ఓనరమ్మ ఒప్పుకుంది, కూరగాయలు మాత్రం ఇంకోచోట కొంటోంది. మేం బోటి తిన్న ఆ తాష్కా మూతపడింది, అద్దె పెంచారు. బొంఫిమ్‌లో అలాంటివి చాలా పోయాయి, చాలాచోట్ల ఇప్పుడు టూరిస్టులకి రోజువారీ అద్దె గదులు. నదికి అవతలి ఒడ్డున, గాయా వైపు, అఫురాదా అనే బెస్తపల్లె ఇంకా నయమని విన్నాను. అక్కడా మతోజీన్యుష్‌లాగే వీధిలో పొయ్యిలు, ఇళ్ళ ముందు తీగల మీద ఆరేసిన బట్టలు, ఆ బట్టలకీ చేపల పొగ.

ఓనరమ్మ వాళ్ళమ్మ మతోజీన్యుష్‌లో సార్డీన్ డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేసేది. ఒకప్పుడు అక్కడ డజన్ల కొద్దీ ఫ్యాక్టరీలు ఉండేవి. పడవ రేవుకి రాగానే సైరన్ మోగేది, ఏ అర్ధరాత్రయినా ఆడవాళ్ళు లేచి పరిగెత్తేవారట. ఇప్పుడు మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 1920లో పెట్టిన పిన్యాయిష్ ఫ్యాక్టరీలో ఇప్పటికీ చేత్తోనే పని. నూరి అనే పేరుతో వాళ్ళు అమ్మే డబ్బా ఒకటుంది. ఆలివ్ నూనెలో సార్డీన్లు, వాటితో పాటు ఒక ఎర్ర మిరపకాయ, ఒక లవంగం, మిరియం, బిర్యానీ ఆకు ముక్క, క్యారెట్ చక్రం, దోసకాయ ఊరగాయ ముక్క. డబ్బాని చేత్తో కాగితంలో చుడతారు. ఎక్కువకాలం ఉంచితే ఇంకా బాగుంటుందని ఓనరమ్మ అల్మారాలో కొన్ని డబ్బాలు తారీఖు రాసి దాచేది, ఆరు నెలలకోసారి తలకిందులుగా తిప్పి పెట్టేది.

వరంగల్ తమ్ముడు ఇప్పుడు జర్మనీలో ఉన్నాడు. వచ్చే నెల పెళ్ళాం పిల్లలతో పోర్టో పోతున్నాడట, ఫోన్ చేశాడు. బోటి ఎక్కడ దొరుకుతుందో కనుక్కున్నాడట, గురువారం అట, టికెట్లు దాన్నిబట్టే తీసుకున్నాడట. "సంక్రాంతికి ఇంటికొస్తున్న, నీకేం దేవాలె అన్నా" అని అడిగాడు. నూరి డబ్బాలు, కారం వేసినవి, ఎన్ని మోయగలిగితే అన్ని అన్నాను. చేతి సంచిలో మాత్రం పెట్టకు, లోపల నూనె ఉందని ఎయిర్‌పోర్టులో తీసి పక్కన పెట్టేస్తారు, పెద్ద సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి వెయ్ అని చెప్పాను.